చేతులు చూపెట్టు

మొన్న మనవరాలి పెళ్లిలో నలుగు పెట్టాక చేతులు కడుక్కుందామని ఫంక్షన్ హాల్లో వాష్‌బేసిన్ దగ్గరికి పోయాను. గోడకు బిగించిన సీసాను ఒత్తితే సబ్బు జారింది. పసుపు చేతుల మీద సబ్బు పడితే ఏమవుతుందో పసుపు పండించిన ఇంట్లో పుట్టినదానికి ఒకరు చెప్పాలా? అయినా మరిచిపోయాను. రుద్దగానే నురగంతా ఎర్రబడింది. తెల్లని బేసిన్‌లో ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతుంటే నా నోట్లోంచి కేక వచ్చేసింది. పిల్లలందరూ పరుగెత్తుకొచ్చి, చూసి, నవ్వారు. ఒకతె ఫోన్‌లో వీడియో కూడా తీసింది. "అది కెమిస్ట్రీ నానమ్మా" అన్నాడు ఇంటర్ చదివే వెధవ ఒకడు. కెమిస్ట్రీ అని నాకూ తెలుసు. నాకు కనబడింది మాత్రం ఒక ఇత్తడి తాంబాళం, అందులో మా అన్న చెయ్యి.

అప్పుడు నాకు పదకొండేళ్లో పన్నెండేళ్లో. మా ఊరు నవీపేటకూ బోధనుకూ నడుమ ఉండేది. ఇప్పటికీ ఉంది గాని, నేను చెప్పే ఊరు అది కాదు. కాలువ కింద చెరుకు, బావుల కింద పసుపు. గాలి ఒక దిక్కు నుంచి వీస్తే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, ఇంకో దిక్కు నుంచి వీస్తే కడాయిల్లో ఉడికే పసుపు వాసన. రెండూ కలిసిన నాడు అన్నం సయించదని మా అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. అవ్వ అంటే మా అమ్మే. మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం, నాన్నను బాపు అంటాం.

పసుపు ఉడికే నెలన్నర రోజులూ మాకు బడి ఉన్నా లేనట్టే. పొయ్యి కింది నిప్పుల్లో మొరంగడ్డలు దూర్చి, కాలీకాలకముందే లాక్కుని, ఊదుకుంటూ తినేవాళ్లం. ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజేవాళ్లం. బండివాడు చర్నాకోల తిప్పితే వాతలు తేలేవి. ఆ వాతలను ఒకరికొకరం చూపించుకోవడం మాకు పెద్ద ఘనత. ఉడికిన పసుపును ఆరబోసి, రుద్ది, ఏరేసరికి ఊరంతా పచ్చబడిపోయేది. అరచేతులు, గోళ్లు, కాళ్ల పగుళ్లు, ఎడ్ల కొమ్ములు, అన్నీ. వానలు పడేదాకా ఆ రంగు వదిలేది కాదు. సంతలో చేతులు చూసే మమ్మల్ని పసుపూళ్ల వాళ్లని గుర్తుపట్టేవారు.

మా అన్నకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. తాటిచెట్టంత పొడుగు. ఈలేస్తే కాలువ అవతలి ఎడ్లు కూడా తలెత్తి చూసేవి. కానీ పండగకు మేకను కోస్తుంటే ఇంట్లోకి పోయి తలుపేసుకునేవాడు. "గీడు మొగోడేనా?" అని బాపు ఎగతాళి చేసేవాడు. బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. అన్నదమ్ములతో పాలు పంచుకోగా ఆయనకు మిగిలింది ఎకరన్నర. ఆ కోపం ఆయన ఎవరి మీద చూపాలో తెలియక అందరి మీదా చూపేవాడు.

ఒక యుద్ధం అయిపోయింది. ఇంకొకటి తప్పదని పంచాయతీ రేడియో చెబుతుండేది. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున పట్టాళంలో మనుషులను చేర్చుకుంటారని ఊళ్లో డప్పు మోగింది.

"ఇనుండ్రి... ఇనుండ్రి... అచ్చే ఐతారం బోధన్ల ఫౌజు బర్తీ ఉన్నది. పద్దెనిమిదేండ్లు నిండిన పోరగాండ్లందరు రావాలె..."

చాటింపు మా పక్కింటి పెద్దమ్మ వాకిట్లోకి వచ్చేసరికి ఆగిపోయింది. పెద్దమ్మ చీపురు తిరగేసి డప్పు మీద ఒకటి, డప్పు కొట్టేవాడి వీపు మీద రెండు వేసింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పోయిన యుద్ధంలో చనిపోయాడు. శవం రాలేదు, రేకుపెట్టె వచ్చింది. అందులో ఒక స్వెట్టరూ, సగం అరిగిన సబ్బూ ఉన్నాయి. ఆ సబ్బును ఆమె గూట్లో పెట్టుకుని పండగ పండగకూ బొట్టు పెట్టేది.

"మల్లొచ్చిన్రా బాడ్కావులు! ఇంకెందర్ని తింటరు?" అని ఆమె అరిచిన అరుపుకు ఆడవాళ్లందరూ పొయ్యిల మీద ఎసర్లు వదిలేసి వచ్చారు.

మర్నాడు పేర్లు రాసుకోవడానికి జీపు వచ్చింది. గుమాస్తా ఒకడు, పోలీసులు ఇద్దరు. పంచాయతీ ముందు దారికి అడ్డంగా ఆడవాళ్లు కూర్చున్నారు. చేతుల్లో రోకళ్లు, చీపుర్లు. మగవాళ్లు వెనక నిలబడ్డారు, వాళ్లలో సగం మంది జీపు దిక్కే. పోలీసు ఒకడు పెద్దమ్మను జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె మట్టిలో జారుతూనే ఉంది గాని కాళ్లు ఎత్తలేదు. మా అవ్వ లేచి రోకలితో వాడి మణికట్టు మీద కొట్టింది. వాడు కేకపెట్టి వదిలేశాడు. ఆ వెంటనే గుంపులోంచి బాపు దూసుకొచ్చి అవ్వ చెంప మీద కొట్టాడు. ఊరంతా చూస్తుండగా. అవ్వ పెదవి పగిలి రక్తం గదవ దాకా కారింది.

"ఫౌజుల జేరితె అయిదెకరాల బూమి ఇస్తరే! అయిదెకరాలు! నీ అయ్య ఇస్తడా?" అన్నాడు బాపు.

అవ్వ కొంగుతో పెదవి తుడుచుకుంది. సాయంత్రం ఎప్పటిలాగే జొన్నరొట్టెలు చేసింది, పచ్చిపులుసు పిసికింది. బాపు తిన్నాడు. అన్న పళ్లెం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. గుమాస్తా రాసుకున్న పేర్లలో మొదటిది అన్నదే, బాపు దగ్గరుండి రాయించాడు.

రెండు రోజులకు గాజులమ్మే ముసలామె వచ్చి అరుగు మీద కూర్చుని వార్త చెప్పింది. "నవీపేటల బర్తీ అయింది బిడ్డా. పచ్చ చేతులోళ్లనంత పక్కకు తోలిన్రట. కామెర్లంటరట!" ఆ ఏడు కాలువ వెంట ఊళ్లలో కామెర్లు తిరిగాయి, కొందరు చనిపోయారు కూడా. ఆ రోగం సిపాయిలుండే బారకులకు అంటుకోకుండా రంగు కనబడిన ప్రతివాడినీ వేరుగా పెట్టమని పైవాళ్లు చెప్పారట. పసుపు పండే తావుకు, పసుపు ఉడికే నెలలో వచ్చి, పచ్చ చేతులు చూసి భయపడే వాళ్లను ఏమనాలి?

బాపు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి అన్నను కళ్లం దిక్కు రానీయలేదు. చింతపండు, బూడిద, మజ్జిగ తేట, ఇటుక పొడి, ఏది దొరికితే అది పెట్టి చర్మం ఊడేట్టు రుద్దించాడు. శనివారానికి అన్న చేతులు మా ఊళ్లో ఎవరికీ లేనంత శుభ్రంగా అయ్యాయి. చలిమంట దగ్గర కూర్చుని అన్న వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అవ్వ కూడా చూసింది.

ఆదివారం తెల్లవారుజామున అవ్వ నన్ను తట్టి లేపి, చేతిలో గోరువెచ్చని నూనె గిన్నె పెట్టింది. మంచి పనికి పోయేవాళ్లకు చెల్లెలు నూనె అంటడం మా ఇంటి ఆనవాయితీ. కానీ నూనె చిక్కగా ఉంది. వేలు ముంచితే అడుగున మెత్తగా తగిలింది.

"గిదేందవ్వా?"

"నీ అన్న నీకు గావాల్నా, వద్దా?"

"గావాలె."

"అయితె నోర్మూస్కొని రాయి. అరచేతులు, గోళ్ల సందులు ఇడిసిపెట్టకు. నువ్వు రాస్తె కాదనడు."

"దీపం?"

"గాసునూనె అయిపోయింది. చీకట్లనే రాయి."

పెదవి మీద చెక్కు కట్టిన గాయంతో ఆమె ఆ మాట అంటుంటే నేను ఎదురు చెప్పలేదు. చెప్పాలని కూడా లేదు, నిజం చెప్పొద్దూ. పెద్దమ్మ గూట్లో సబ్బు నాకు గుర్తుంది. మా గూట్లో అట్లాంటిది వద్దనుకున్నాను. అన్న పీట మీద కూర్చుని చేతులు చాపాడు. వేళ్లు ఒక్కొక్కటే పట్టి రుద్దాను. "ఏందే చెల్లె, తోలు ఒలుస్తవా?" అని నవ్వాడు. తర్వాత వేడినీళ్లు పోసుకుంటానని బావి దగ్గరికి పోయాడు. ఆ నీళ్లకు పసుపు పోదని అవ్వకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరంతా పసుపు వాసనే కాబట్టి ఆ వాసన ఆయనకు తెలియలేదనుకున్నాను.

ఫ్యాక్టరీకి చెరుకు పోసేది కూడా ఆ రోజే. బాపు బండి తోలుతుంటే అన్న, నేను చెరుకు మీద కూర్చున్నాం. నన్ను ఎందుకు తీసుకుపోయారంటే, వద్దంటే చచ్చేంత ఏడ్చాను కనుక. మంచు బాగా కురుస్తోంది. దారి పొడుగునా అన్న రెండు చేతులూ గొంగడిలోనే పెట్టుకున్నాడు. చలికి అనుకున్నాను.

బోధన్ ఇంకా దూరం ఉందనగా ఒక పిల్లగాడు కుంటుతూ నడుస్తున్నాడు. బాపు బండి ఆపి ఎక్కించుకున్నాడు. సిరికొండ దిక్కు గుట్టల నుంచి రెండు రోజులుగా నడిచి వస్తున్నాడట. సద్దిమూట విప్పి రొట్టె ఇస్తే రెండు బుక్కల్లో మింగాడు. వాడి చేతులు కూడా పచ్చగానే ఉన్నాయి. దారిలో ఒక ఊళ్లో పసుపు ఏరే కూలికి పోయాడట.

"ఫౌజుల మూడు పూటల బువ్వ పెడ్తరంట గద పెద్దయ్యా?" అని బాపును అడిగాడు.

"పెడ్తరు బిడ్డా. బూట్లు గూడ ఇస్తరు," అన్నాడు బాపు.

వాడు తన కాళ్ల వంక చూసుకున్నాడు.

బర్తీ జరిగే మైదానం పక్క రోడ్డు మీదే చెరుకు బండ్లు వరుస కట్టి ఉన్నాయి. మా బండి కూడా ఆ వరుసలో ఆగింది. నేను చెరుకు మీదే కూర్చుండిపోయాను, అక్కడి నుంచి తాడు కట్టిన మైదానమంతా కనబడుతోంది. గుడారం, మేజా, ఎత్తు కొలిచే కొయ్య. పెద్ద మీసాల హవల్దారు ఒకడు ముందు నిలబడి వరుసలో వచ్చిన ప్రతివాడినీ, "హాథ్ దిఖావ్!" అంటున్నాడు. అన్న వంతు వచ్చింది. గొంగడి తీసి చేతులు చాపాడు. ఎండ సరిగ్గా వాటి మీద పడింది. అరచేతులు బంతిపువ్వుల్లా ఉన్నాయి.

తాడు పట్టుకుని నిలబడ్డ బాపు అవి చూశాడు. తర్వాత మెల్లగా తిరిగి నన్ను చూశాడు. నా చేతులను చెరుకు ఆకుల్లోకి దూర్చుకున్నాను.

"ఉధర్ జావ్," అని హవల్దారు వేపచెట్టు వైపు చూపించాడు. అక్కడ అప్పటికే వందల మంది పసుపూళ్ల పిల్లలు కూర్చుని ఉన్నారు. సిరికొండ పిల్లగాడు కూడా అక్కడికే పోయాడు. పట్నం పిల్లలు, చెరుకూళ్ల పిల్లలు లోపలికి పోతున్నారు. మా బట్టలు కుట్టే దర్జీ చిచ్చా పెద్దకొడుకు, మా అన్నకు ప్రాణ స్నేహితుడు, నేను భాయి అని పిలిచేవాడు, వాడూ లోపలికి పోయాడు. కాసేపటికి ఛాతీ మీద ఊదారంగు ముద్రతో ఎగురుకుంటూ వచ్చాడు. "అరె, నువ్ గీడ కూసున్నవేందిర?" అని అన్న భుజం చరిచాడు. అన్న నవ్వాడు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. ముద్ర పడ్డవాళ్లకు పూరీలు, చాయ్ ఇస్తున్నారు. చెట్టు కింది వాళ్లకు మంచినీళ్లు కూడా లేవు. ఎందుకు కూర్చోబెట్టారో చెప్పేవాడు లేడు. చెప్పేవాడు లేని చోట పుట్టించేవాళ్లు పుడతారు. "పట్నపోళ్లు ఆపీసర్ల చేతులు తడిపిన్రట." "మన పేర్లు చింపేసిన్రట." "పసుపూళ్లోళ్లు పనికిరారని రాసిన్రట." ఒక్కో మాటకూ ఒక్కో వరుస లేచి నిలబడింది. ఎవడో చెరుకు ముక్క విసిరాడు. అది పోయి హవల్దారు టోపీకి తగిలింది. అందరూ నవ్వారు. హవల్దారు దిగి వచ్చి దగ్గరున్నవాడిని బూటుకాలితో తన్నాడు. ఆ తన్ను తర్వాత నవ్వినవాడు లేడు.

నేను చూసింది చెబుతాను, ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ సరిగా తెలియదు. తాడు తెగింది. బండ్ల మీది చెరుకు గడలు సర్రున మనుషుల చేతుల్లోకి పోయాయి. నా కిందివి కూడా లాగారు, పడబోయి బండి పట్టె పట్టుకున్నాను. మేజా బోర్లపడింది. కాగితాలు ఎగిరాయి. ఎత్తు కొలిచే కొయ్యతోనే ఒకడు గుమాస్తా నెత్తిన కొట్టాడు. చాయ్ పొయ్యి తన్నేస్తే గుడారం అంటుకుంది. అప్పుడు మొదలైంది ఆ కేక.

"చేతులు సూపెట్టురా! చేతులు సూపెట్టు!"

ఎవడు దొరికితే వాడి చేతులు పట్టి తిప్పి చూస్తున్నారు. పచ్చగా ఉంటే వదులుతున్నారు. తెల్లగా ఉంటే కొడుతున్నారు. పొద్దున తమకు జరిగిందే తిప్పి చేస్తున్నారు. ఎనుములు తోలుకుపోతున్న ముసలివాడిని, సోడా బండివాడిని, అసలు బర్తీకే రానివాళ్లను కూడా కొట్టారు. ఒక పట్నం పిల్లవాడు బూడిదలో చేతులు దూర్చి దాచబోతే, ఆ చేతుల మీదే ఎక్కి తొక్కారు. వాడి అరుపు ఫ్యాక్టరీ సైరన్ కంటే ఎక్కువ వినబడింది నాకు.

ఆ గుంపు మధ్యలో మా బాపు ఉన్నాడు. బండి పక్కన చెరుకు జారకుండా గుచ్చే కట్టె పీకి పట్టుకున్నాడు. ఆయన ముందు మోకాళ్ల మీద భాయి ఉన్నాడు. మా ఇంట్లో రొట్టె తిన్నవాడు, పండగకు మాకు సేమియా తెచ్చేవాడు. అప్పటికే నెత్తి పగిలి ముఖం మీద రక్తం.

"నా కొడుకు చెయ్యి పచ్చగుంటె నీ చెయ్యి తెల్లగెట్లున్నదిరా? ఎట్లున్నదీ?" అని బాపు అరుస్తున్నాడు. అది ఎట్లా అయిందో ఆయనకు తెలుసు. నేను చేతులు దాచుకోవడం చూసిన మనిషి ఆయన. ఇంటికి పోయి అడగాల్సిన మాట అక్కడ, ఆ పిల్లవాడిని అడుగుతున్నాడు.

కట్టె పైకి లేచింది. అన్న ఎటు నుంచి వచ్చాడో, భాయి మీదికి వంగి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. చెరుకు గడ విరిగిన చప్పుడైంది. అన్న అరవలేదు. చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర వేరే వైపు తిరిగిపోయి వేలాడింది. బాపు కట్టెను వదిలేసి, తన చేతులను తనే చూసుకుంటూ నిలబడిపోయాడు.

మంటకు ఎడ్లు బెదిరాయి. మా వెనక బండి వరుస తప్పి మైదానంలోకి పరుగెత్తింది. సిరికొండ పిల్లగాడు నెత్తి మీద చేతులు పెట్టుకుని అటే పరుగెత్తుతున్నాడు. చక్రం వాడి ఛాతీ మీంచి పోయింది. లేచి కూర్చుంటాడనుకున్నాను, ఎందుకో. లేవలేదు. బూట్లు రాకుండానే పోయాడు.

అప్పుడు పోలీసు వ్యాన్లు వచ్చాయి. గాల్లోకి తుపాకులు పేలాయి, కింద లాఠీలు పేలాయి. భాయి ఒక చేత్తో తన నెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో అన్నను లాగుతూ, "దిగు చెల్లె, దిగు!" అని నన్ను బండి మీంచి దింపి గల్లీల్లోంచి వాళ్లింటికి తీసుకుపోయాడు. వెనక బాపు వచ్చాడు, కొట్టిన కుక్కలాగా. దర్జీ చిచ్చా తలుపు తీసి, కొడుకు నెత్తినీ, మా అన్న చెయ్యినీ, ఆఖరున మా బాపునూ చూశాడు. అందరినీ లోపలికి లాగి గొళ్లెం పెట్టాడు.

గల్లీలో బూట్ల చప్పుడు. తలుపు తలుపుకూ కొడుతూ పోలీసులు అదే మాట అంటున్నారు. "చేతులు చూపెట్టు!" ఇప్పుడు పచ్చ చేతులున్నవాళ్లను వ్యాన్లలో పడేస్తున్నారు. తర్వాత తెలిసింది, ఆ సాయంత్రం నలుగు పెట్టుకున్న కొత్త పెళ్లికొడుకును కూడా పీటల మీంచి లేపుకుపోయారట. ఆ కథ చెప్పుకుని ఊళ్లు చాలా ఏళ్లు నవ్వుకున్నాయి. పెళ్లికొడుకు నవ్వాడో లేదో నాకు తెలియదు.

చిచ్చా ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి, సబ్బు తెచ్చి, విరిగిన చెయ్యిని మెల్లగా కింద పట్టుకుని అన్న అరచేతిని రుద్దాడు. ఆయన బట్ట తెలిసిన మనిషి, పసుపు తెలిసిన మనిషి కాదు. నురగ ఎర్రబడింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆయన భార్య చాచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "యా అల్లా, ఎంత ఖూనో!" అంది.

"ఖూన్ గాదమ్మా," అన్నాడు బాపు. "పసుపు. అది పసుపే." అని అక్కడే గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తలుపు మీద లాఠీ పడింది. బాపు కళ్లు తుడుచుకుని లేచాడు. చిచ్చా వద్దని భుజం పట్టుకున్నా ఆగలేదు. తలుపు తనకు సరిపడా తీసి, రెండు చేతులూ ముందుకు చాపి బయటికి పోయాడు. "నాయి పచ్చగున్నయి. నన్నే తీస్కపోండ్రి. ఇండ్ల ఎవ్వర్లేరు." బయట దెబ్బలు పడుతున్న చప్పుడు గల్లీ చివరిదాకా వినబడింది. ఆయన జైలు నుంచి వచ్చేసరికి మృగశిర దాటింది.

ఆ రాత్రి నెత్తికి గుడ్డ కట్టించుకుంటూ భాయి ఒక మాట చెప్పాడు. "పచ్చ చేతులోళ్లను మాపటికి డాక్టరు మల్ల సూస్తుండె. కండ్లు తెల్లగుంటె తీస్కుంటుండె. గా మాట చెప్పినోడే లేడు." నేను చాచీ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నదాన్ని నిద్ర నటించాను. అంటే నేను పూసిన పసుపు దేనికీ పనికొచ్చేది కాదు. అన్నను ఆపేదీ కాదు. చెయ్యి విరగ్గొట్టించింది, అంతే.

భాయి కట్టుతోనే రైలెక్కాడు. రేడియో చెప్పిన రెండో యుద్ధం వచ్చింది. భాయి పోయాడని చిచ్చా ఇంటికి తార్ వచ్చిన రోజు అన్న నడుచుకుంటూ బోధన్ పోయి, వారం దాకా రాలేదు. అన్న చెయ్యి సరిగా అతకలేదు. వేళ్లలో రెండే కదిలేవి. అంగీ గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. అది చూసి చిచ్చా గుండీలు లేని అంగీ ఒకటి కుట్టాడు, మెడలోంచి దూర్చుకునేది. అప్పటి నుంచి తాను కన్నుమూసేదాకా అన్నకు అట్లాంటి అంగీలే కుట్టి పంపాడు. తన కొడుకును కొట్టినవాడి కొడుక్కి. బాపు ఆ అంగీల వంక ఏనాడూ నేరుగా చూడలేదు.

నాకు పెళ్లయింది, పిల్లలయ్యారు. బాపు పోయాడు, అవ్వ పోయింది. నూనె గిన్నె సంగతి అవ్వా, నేనూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అది నా ఒక్కదాని కడుపులో ఉండిపోయింది. చేతికి పసుపు తగిలినప్పుడల్లా పిల్లల మీద విసుక్కునేదాన్ని. ఎందుకో వాళ్లకు తెలియదు పాపం.

అవ్వ సంవత్సరీకం అయిన మర్నాడు అన్న కళ్లంలో పసుపు ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. ఇక ఆగలేక చెప్పేశాను. నూనెలో పసుపు కలిపింది అవ్వ అనీ, పూసింది నేననీ.

అన్న కొమ్మును చాటలో వేసి, "ఎరుకే," అన్నాడు.

"ఏమెరుక?"

"నువ్ రాస్తుంటెనే వాసనొచ్చింది. పుట్టినకాంచి పీల్చిన వాసన, తెల్వదా? కడుక్కుందామనే బాయి కాడికి పోయిన. చింతపండు గూడ వట్కపోయిన. బొక్కెన తోడిన. గని కడుక్కోలే." ఇంకో కొమ్ము అందుకున్నాడు. "నాకు పోవాల్నని లేకుండె చెల్లె. బాపుకు చెప్పనీకి దమ్ము లేకుండె. నువ్ రాసినవు గద, ఇంక నేను చెప్పేదేమున్నదనుకున్న."

గొంగడి గుర్తొచ్చింది. చలికి కాదు.

నాకు ఏడుపు రావాలి గాని, ఒళ్లు మండిపోయింది. "ముప్పై ఏండ్లు! ముప్పై ఏండ్ల సంది నేనొక్కదాన్నే సంపుకున్ననని కుమిలిన. గా సిరికొండ పోరన్ని, భాయి నెత్తిని, నీ చెయ్యిని. నాకెందుకు చెప్పలే?" అని చాట లాగి విసిరేశాను. కొమ్ములన్నీ చెల్లాచెదురయ్యాయి.

ఆయన కోప్పడలేదు. వంకర చేత్తో ఒక్కొక్క కొమ్మే ఏరుతూ, "చెప్తె నేను పిరికోన్నని నీకు తెలుస్తుండె," అన్నాడు. "గా ఒక్కటి నీకు తెల్వద్దనుకున్న."

పిరికివాడు కట్టెకు చెయ్యి అడ్డం పెడతాడా అని అడగాల్సింది. కోపంలో నాకు ఆ మాట తోచలేదు. తోచేసరికి బస్సెక్కి ఇల్లు చేరాను. తర్వాత అడుగుదాం అనుకుంటూనే ఏళ్లు గడిపాను.

పోయినేడు అన్న పోయాడు. పదకొండో రోజు వదిన రేకుపెట్టె తెరిచి, చిచ్చా కుట్టిన అంగీల్లో మిగిలినదొకటి నాకిచ్చింది. పెళ్లి నుంచి వచ్చాక దాన్ని మళ్లీ తీసి చూశాను. గుండీలు లేవు. కుడి చేతి అంచు ఇంకా పచ్చగానే ఉంది. బాగా మురికి పట్టింది, ఉతకమని కోడలు పోరుతోంది. నేను ఆ అంగీకి సబ్బు పెట్టనివ్వను.